లైటు వెలిగింది, కబురు అందలేదు

కొత్త మెషీన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసే రోజున ఏ ఫ్యాక్టరీలోనైనా వినబడే మాట ఒకటుంది. హైదరాబాద్ బాలానగర్‌లో అయితే అది ఇలా ఉంటుంది: "అన్నా, సెన్సర్ వెలుగుతుంది గానీ ఇన్‌పుట్ వస్తలేదు."

కన్వేయర్ పక్కన బ్రాకెట్‌కు బిగించిన ప్రాక్సిమిటీ సెన్సర్ ముందుకు ఒక ఇనుప ముక్క తెస్తే, దాని వీపున ఉన్న చిన్న పసుపు లైటు ఠక్కున వెలుగుతుంది. ముక్క తీస్తే ఆరిపోతుంది. కాబట్టి సెన్సర్ బాగానే ఉంది. ప్యానెల్ తలుపు తీసి, మెషీన్‌ను నడిపించే కంట్రోలర్ అయిన పీఎల్‌సీని చూస్తే, సెన్సర్ వైరు బిగించిన టెర్మినల్ తాలూకు చుక్కంత లైటులో మాత్రం చలనం ఉండదు. వైరు తెగలేదు, స్క్రూ వదులు కాలేదు, 24 వోల్టులూ ఉన్నాయి. సెన్సర్ మార్చి చూస్తారు, అదే తంతు. ఆ ఇన్‌పుట్ కాలిపోయిందేమోనని వైరును పక్క టెర్మినల్‌కు మార్చి చూస్తారు, మళ్లీ అదే తంతు. ఈలోగా ఓనరు రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్తాడు.

పాడైనదాన్ని పట్టుకోవడం తేలిక. ఇక్కడ పాడైంది ఏదీ లేకపోవడమే చిక్కు. కరెంటు తిరగాల్సిన చుట్టు ఎక్కడో పూర్తికావడం లేదు. డిజిటల్ ఇన్‌పుట్ వైరింగ్‌లో వచ్చే తికమకల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. మాన్యువల్‌లో బొమ్మ చూసి గీతకు గీత వైరు బిగించేవాళ్లు సైతం, కరెంటు ఎటు పోయి ఎటు తిరిగొస్తోందో ఒక్కసారి వేలుపెట్టి చూసుకోరు.

సెన్సర్ ఏమీ పంపదు

"సెన్సర్ సిగ్నల్ పంపుతుంది" అని అందరం అంటాం. మామూలు మాటల్లో ఇబ్బంది లేదు గానీ, వైర్లు చేతిలోకి తీసుకున్నాక ఆ మాటే దారి తప్పిస్తుంది. పంపుతోందనగానే ఒక్క వైరు చాలనిపిస్తుంది. నిజానికి ఈ రకం సెన్సర్ చేసేది స్విచ్ పని. దాని చివర ఒక ట్రాన్సిస్టర్ ఉంటుంది. ఎదురుగా వస్తువుంటే అది కలుస్తుంది, లేకపోతే విడిపోతుంది. డిజిటల్ అన్న పేరు వెనక ఉన్న సంగతి ఇంతే. ఉందా, లేదా? ఎంత దూరంలో ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నవి దీనికి పట్టవు.

తాకకుండానే ఇనుమును ఎలా పసిగడుతుందన్నది మాత్రం ముచ్చటైన సంగతి. సెన్సర్ ముఖం వెనక చిన్న తీగచుట్ట ఉంటుంది. అందులో సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకునే కరెంటు ఊగుతూ ఉంటుంది. లోహం దగ్గరికి రాగానే ఆ ఊపువల్ల లోహంలో సుడి కరెంట్లు పుడతాయి. వాటికి కావలసిన శక్తి తీగచుట్ట నుంచే పోవాలి గనక ఊపు తగ్గుతుంది. ఆ తగ్గుదలను గమనించే సర్క్యూట్ చివరి ట్రాన్సిస్టర్‌ను కలుపుతుంది. 12 మిల్లీమీటర్ల మరతో వచ్చే మామూలు రకం ఇనుమును 2 మిల్లీమీటర్ల దూరం నుంచి పట్టిందనుకుంటే, అల్యూమినియంను పట్టడానికి ఆ దూరం సగం కన్నా తగ్గిపోతుంది. ఇనుప క్యామ్ తీసేసి తేలికగా ఉంటుందని అల్యూమినియం క్యామ్ పెట్టిన మర్నాడు సెన్సర్ "పాడైపోవడం" వెనక రహస్యం ఇదే.

ఈ రకం సెన్సర్‌ను జర్మనీలోని మన్‌హైమ్‌లో వాల్టర్ పెపర్ల్, లుడ్విగ్ ఫుక్స్ స్థాపించిన సంస్థ 1958లో తయారుచేసింది. రసాయన కర్మాగారాల్లో మెకానికల్ కాంటాక్టులు అరిగిపోవడం, తుప్పు పట్టడం, మండే ఆవిర్ల మధ్య నిప్పురవ్వలు రాల్చడం అప్పటి బెడద. తాకకుండా పనిచేసే స్విచ్ ఆ బెడదకు జవాబు.

టెర్మినల్ వెనక ఏముంది

ఇప్పుడు వైరు రెండో కొనకు వెళ్దాం. పీఎల్‌సీ ఇన్‌పుట్ టెర్మినల్ వెనక ఒక రెసిస్టర్, దాని తర్వాత నల్లటి చిన్న డబ్బాలో దాచిన ఎల్ఈడీ ఉంటాయి. ఆ ఎల్ఈడీ వెలుగు బయటికి రాదు. అదే డబ్బాలో ఎదురుగా ఉన్న కాంతిని గుర్తించే ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. రెండింటి మధ్య వైరు లేదు, వెలుగు ఒక్కటే వారధి. దీన్ని ఆప్టోకప్లర్ అంటారు. ఫ్యాక్టరీ నేల మీది వైర్లలో ఎప్పుడు ఏ వోల్టేజీ ఎగసిపడుతుందో చెప్పలేం. అది లోపలి ప్రాసెసర్ దాకా పాకకుండా ఈ ఏర్పాటు.

అంటే పీఎల్‌సీ ఇన్‌పుట్ ఆన్ కావడమంటే ఒక చిన్న దీపం వెలగడం. దీపం వెలగాలంటే కరెంటు ఒక వైపు నుంచి లోపలికి వచ్చి, రెండో వైపు నుంచి బయటికి పోయి, బయల్దేరిన సప్లైకి తిరిగి చేరాలి. మన చిన్న ఫ్యాక్టరీల్లో విరివిగా కనబడిన మిత్సుబిషి ఎఫ్ఎక్స్3యూ లాంటి కంట్రోలర్‌లో ఒక్కో ఇన్‌పుట్‌కు 5 నుంచి 7 మిల్లీయాంపులు చాలు. ఇంటి మీటరు గమనించనంత కరెంటు అది. కానీ ఆ కాస్తా చుట్టూ తిరిగి రావాల్సిందే.

పీఎల్‌సీ పుట్టుక కూడా వైర్ల బాధలోంచే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం, కారు మోడల్ మారినప్పుడల్లా వందల రిలేల వైరింగ్ పీకి మళ్లీ వేయాల్సిన అవసరం లేని కంట్రోలర్ కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం బెడ్‌ఫోర్డ్ అసోసియేట్స్ అనే సంస్థలో తయారుచేసినదానికి మోడికాన్ 084 అని పేరు. అది ఆ సంస్థ చేపట్టిన 84వ ప్రాజెక్టు. రిలేల మధ్య వైరింగ్ ప్రోగ్రామ్‌లోకి వెళ్లిపోయింది. సెన్సర్ నుంచి కంట్రోలర్ దాకా వచ్చే వైరింగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకుని బిగించాల్సిందే.

ఫేజులో స్విచ్, న్యూట్రల్‌లో స్విచ్

ఇంట్లో బల్బుకు రెండు వైర్లు వస్తాయి, ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. మధ్యలో స్విచ్ ఎక్కడ పెట్టాలి? మంచి ఎలక్ట్రీషియన్ ఫేజులో పెడతాడు. తెలియనివాడు న్యూట్రల్‌లో పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. వాడేవాళ్లకు తేడా తెలియదు. కరెంటు తిరిగే చుట్టును ఏ వైపు తెంచినా చుట్టు తెగినట్టే కదా.

సెన్సర్లలో పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ అని రెండు జాతులు ఉండడం సరిగ్గా ఇదే. పీఎన్‌పీ సెన్సర్ ప్లస్ వైపు స్విచ్. వస్తువు కనబడగానే తన అవుట్‌పుట్ వైరును 24 వోల్టులకు కలుపుతుంది. ఎన్‌పీఎన్ సెన్సర్ సున్నా వోల్టుల వైపు స్విచ్. వస్తువు కనబడగానే అవుట్‌పుట్ వైరును 0 వోల్టులకు కలుపుతుంది. ఇక్కడ బల్బు అంటే పీఎల్‌సీ లోపలి ఎల్ఈడీ. మొదటి రకానికి ఆ ఎల్ఈడీ రెండో కొన 0 వోల్టుల దగ్గర వేచి ఉండాలి. రెండో రకానికి ఆ కొన 24 వోల్టుల దగ్గర ఉండాలి. సెన్సర్ ఒక సగం, ఆ రెండో కొన ఇంకో సగం. రెండు సగాలూ కలిస్తేనే చుట్టు.

[బాక్స్] మూడు వైర్లు, మూడు రంగులు

మూడు వైర్ల సెన్సర్ ఏ కంపెనీదైనా, అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం పాటిస్తే రంగులు ఇవే. బ్రౌన్ వైరు 24 వోల్టుల ప్లస్. నీలం వైరు 0 వోల్టులు. నలుపు వైరు అవుట్‌పుట్. నాలుగో వైరు తెల్లగా ఉంటే అది రెండో అవుట్‌పుట్, చాలావరకు మొదటిదానికి తలకిందులుగా పనిచేసేది.

ఇళ్లలో, మోటార్ సైకిళ్లలో నల్ల వైరును మైనస్‌గా చూసిన చేతులు ఇక్కడ తడబడతాయి. నలుపును తెచ్చి 0 వోల్టుల టెర్మినల్‌లో పెట్టేస్తారు. పీఎన్‌పీ సెన్సర్ అయితే వస్తువు కనబడిన క్షణాన తన ట్రాన్సిస్టర్ ద్వారా తానే షార్టు అవుతుంది. షార్టు రక్షణ ఉన్నది బతుకుతుంది, చవకరకం చచ్చిపోతుంది.

ఎస్/ఎస్ అని రాసి ఉన్న స్క్రూ

ఆ రెండో కొన ఎక్కడుంది? ఎఫ్ఎక్స్3యూ మీద ఎస్/ఎస్ అని, సీమెన్స్ ఎస్7-1200 మీద 1ఎం అని రాసి ఉంటుంది. పనివాళ్ల భాషలో అది "కామన్". ఇన్‌పుట్‌లన్నిటి ఎల్ఈడీల రెండో కొనలూ లోపల కలిసిపోయి ఈ ఒక్క స్క్రూ దగ్గరికి వస్తాయి. దాన్ని 0 వోల్టులకు కలిపితే పీఎల్‌సీ పీఎన్‌పీ సెన్సర్లకు సిద్ధమవుతుంది. 24 వోల్టులకు కలిపితే ఎన్‌పీఎన్ సెన్సర్లకు సిద్ధం. రెండు పద్ధతులకూ ఎలా పనికొస్తుందంటే, ఆ నల్లటి డబ్బాలో ఎల్ఈడీలు ఒకదానికొకటి ఎదురెదురు దిశల్లో రెండు ఉంటాయి. కరెంటు ఇటు నుంచి వస్తే ఒకటి, అటు నుంచి వస్తే రెండోది వెలుగుతుంది.

మొదట చెప్పుకున్న చిక్కు ఇప్పుడు విప్పవచ్చు. ప్యానెల్ కట్టినవాడు ఎస్/ఎస్‌ను వేలెడంత జంపర్‌తో 0 వోల్టులకు కలిపాడు. రాణీగంజ్ దుకాణంలో "పీఎన్‌పీనా, ఎన్‌పీఎన్‌నా" అని అడిగితే కొనడానికి వెళ్లిన కుర్రాడు "ఏదైనా ఒకటే" అన్నాడు. వచ్చింది ఎన్‌పీఎన్. ఇనుము ఎదురుగా రాగానే అది తన నల్ల వైరును 0 వోల్టులకు కలిపింది. పీఎల్‌సీ ఎల్ఈడీకి రెండో కొన కూడా 0 వోల్టులే. రెండు కొనలూ ఒకే మట్టంలో ఉంటే కరెంటు ఎందుకు కదులుతుంది? సెన్సర్ వీపు మీది లైటు మాత్రం తన బ్రౌన్, నీలం వైర్ల మధ్య కరెంటుతో వెలుగుతుంది గనక హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు "నేను చూశాను" అని మాత్రమే చెబుతుంది. "కబురు అందింది" అని చెప్పదు.

ఎస్/ఎస్ జంపర్ మార్చేస్తే సరి అనిపిస్తుంది. కానీ ఆ కామన్ కింద ఇంకో పదిహేను సెన్సర్లు ఉంటే, అవన్నీ పీఎన్‌పీ అయితే, ఒకటి బాగుపడి పదిహేను పోతాయి. ఒక కామన్ కింద ఒకే జాతి ఉండాలి. తప్పనిసరై కలపాల్సి వస్తే మధ్యలో చిన్న 24 వోల్టుల రిలే పెట్టడం మేలు. ఎన్‌పీఎన్ సెన్సర్ రిలే కాయిల్‌ను లాగుతుంది, రిలే కాంటాక్టు పీఎల్‌సీకి 24 వోల్టులు ఇస్తుంది. రిలేకు బదులు ఒక రెసిస్టర్‌తో సరిపెట్టే చిట్కా కూడా వాడుకలో ఉంది. నాకు అది నచ్చదు. ఆన్, ఆఫ్ తలకిందులవుతాయి, ఇన్‌పుట్‌కు చాలినంత కరెంటు అందుతుందో లేదో లెక్క చూసుకోవాలి, రెండేళ్ల తర్వాత ఆ ప్యానెల్ తెరిచేవాడికి ఆ రెసిస్టర్ ఎందుకుందో అర్థం కాదు.

ఇదే చిక్కుకు ఇంకో రూపం ఉంది. సెన్సర్లకు 24 వోల్టులిచ్చే ఎస్ఎంపీఎస్ సప్లై ఒకటి, పీఎల్‌సీ ఇన్‌పుట్‌లకు వేరే ఎస్ఎంపీఎస్. జాతి సరిపోయింది, రంగులు సరిపోయాయి, రెండు చోట్లా మీటరు 24 చూపిస్తోంది. అయినా ఇన్‌పుట్ రాదు. మొదటి సప్లై నుంచి బయల్దేరిన కరెంటు రెండో సప్లై 0 వోల్టుల దగ్గరికి చేరి, అక్కడి నుంచి ఇంటికి వెళ్లే దారిలేక ఆగిపోతుంది. రెండు సప్లైల 0 వోల్టుల టెర్మినళ్లను ఒక్క వైరుతో కలిపితే ఆ పూటకు పండగే.

జపాన్ అలా, జర్మనీ ఇలా

జపాన్ నుంచి వచ్చిన పాత యంత్రాల్లో ఎన్‌పీఎన్, యూరప్ యంత్రాల్లో పీఎన్‌పీ కనబడడం ఆనవాయితీ. మన దగ్గర రెండు సంప్రదాయాలూ ఒకే షెడ్డులో పక్కపక్కన పనిచేస్తుంటాయి. సిలికాన్‌తో మంచి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ చేయడం ఒకప్పుడు పీఎన్‌పీ కంటే తేలిక, చౌక. ఎన్‌పీఎన్ వాడకం అలా వేళ్లూనుకుంది. యూరప్ పీఎన్‌పీ వైపు మొగ్గడానికి చెప్పే కారణం వేరు, అది ఇంటి స్విచ్ దగ్గరి కారణమే.

న్యూట్రల్‌లో స్విచ్ పెట్టిన ఇంట్లో స్విచ్ ఆపినా బల్బు హోల్డర్ దాకా ఫేజు వచ్చి కూర్చునే ఉంటుంది. బల్బు మార్చబోయినవాడి వేలు తగిలితే కరెంటు అతని ద్వారా నేలకు దారి వెతుక్కుంటుంది. స్విచ్ చేయాల్సిన పని ఆ వేలు చేసిందన్నమాట. ఎన్‌పీఎన్ వైరింగ్‌లో కూడా ఇన్‌పుట్ వైరు ఎప్పుడూ 24 వోల్టుల దగ్గర వేలాడుతూ, ఎవరు 0 వోల్టులకు కలుపుతారా అని చూస్తూ ఉంటుంది. ఫ్యాక్టరీల్లో 24 వోల్టుల సప్లై మైనస్‌ను సాధారణంగా ఎర్తు చేస్తారు, అంటే మెషీన్ ఒళ్లంతా 0 వోల్టులే. కదిలే చెయిన్‌లో వైరు తొడుగు ఒరుసుకుపోయి రాగి మెషీన్ బాడీకి తగిలిందా, చుట్టు పూర్తయినట్టే. సెన్సర్ ముందు ఏమీ లేకపోయినా ఇన్‌పుట్ ఆన్. ఆ వైరు స్టార్ట్ బటన్‌ది అయితే ఎవరూ నొక్కకుండానే స్టార్ట్ ఆదేశం వెళ్లిపోతుంది.

పీఎన్‌పీలో అదే వైరు అలాగే బాడీకి తగిలితే, సెన్సర్ ఆన్ అయిన క్షణాన 24 వోల్టులు నేరుగా ఎర్తుకు షార్టవుతాయి. సెన్సర్‌లోని రక్షణో, ఫ్యూజో కరెంటును ఆపేస్తుంది, ఇన్‌పుట్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. మెషీన్ ఆగుతుంది, ఉత్పత్తి పోతుంది, చెయ్యి మాత్రం మిగులుతుంది. ఎర్తు ఫాల్టు వల్ల యంత్రం తనంతట తాను స్టార్ట్ కాకూడదన్నది యంత్రాల విద్యుత్ భద్రతకు ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణం పెట్టే షరతు. కొత్తగా ప్యానెల్ కడుతుంటే, ఎంచుకునే వీలుంటే, పీఎన్‌పీ ఎంచుకోమంటాను. పాత ఎన్‌పీఎన్ మెషీన్‌ను మొత్తం మార్చమని మాత్రం అనను.

[బాక్స్] మీటరు ఎక్కడ పట్టాలి

చాలామంది మీటరు నల్ల ప్రోబ్‌ను 0 వోల్టుల దగ్గర అంటించి, ఎర్ర ప్రోబ్‌తో అన్ని చోట్లా తడుముతారు. పీఎన్‌పీకి ఇది సరిపోతుంది: వస్తువుంటే 24కు కాస్త తక్కువ, లేకపోతే సున్నాకు దగ్గర. ఎన్‌పీఎన్ దగ్గర ఇదే పద్ధతి తలకిందులుగా చెబుతుంది. వస్తువు లేనప్పుడు 24, ఉన్నప్పుడు సున్నా. దాంతో సెన్సర్ ఉల్టా పనిచేస్తోందని నిర్ధారించేస్తారు. వైరు ఊడదీసి చూస్తే ఇంకా గందరగోళం, అప్పుడు మీటరు చూపే అంకెకు అర్థమే ఉండదు.

ఒక ప్రోబ్ ఇన్‌పుట్ టెర్మినల్ మీద, రెండోది కామన్ మీద పెట్టండి. మీటరు చూసేది అప్పుడు ఆ లోపలి ఎల్ఈడీ చూసే వోల్టేజీనే. 24కు దగ్గరగా ఉంటే ఇన్‌పుట్ లైటు వెలగాలి, సున్నా ఉంటే వెలగకూడదు. మైనస్ గుర్తు వస్తే రావచ్చు, అది దిశ మాత్రమే. ఏ జాతి సెన్సర్‌కైనా ఇదే కొలత చెల్లుతుంది. 24 ఉండీ లైటు వెలగకపోతే అప్పుడు పీఎల్‌సీని అనుమానించవచ్చు.

ఆరిపోని లైటు

స్విచ్ ఆపాక కూడా ఇంట్లో ఎల్ఈడీ బల్బు మసక మసకగా వెలుగుతుండడం చాలామంది చూసే ఉంటారు. పాత ఫిలమెంటు బల్బుతో ఈ చిత్రం కనబడేది కాదు. స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ గుండానో, గోడ పైపులో పక్కపక్కనే నడిచే వైర్ల మధ్య నుంచో జారే అతి కొద్ది కరెంటు ఫిలమెంటును వేడెక్కించలేదు, ఎల్ఈడీకి మాత్రం చాలు. పీఎల్‌సీ ఇన్‌పుట్‌లోనూ ఉన్నది ఎల్ఈడీయే గనక ఈ జబ్బు దానికీ ఉంది.

ముఖ్యంగా రెండు వైర్ల సెన్సర్లతో. వీటికి విడిగా సప్లై వైరు ఉండదు, మామూలు స్విచ్‌లా చుట్టులో వరసగా కూర్చుంటాయి. వైరు ఆదా, జాతి తకరారు లేదు. కానీ లోపలి సర్క్యూట్ బతకాలంటే దానికీ కరెంటు కావాలి, అది ఆ చుట్టులోంచే తీసుకోవాలి. అందుకే ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది. సెన్సర్ల ఐఈసీ ప్రమాణం దీనికి 1.5 మిల్లీయాంపుల దాకా ఒప్పుకుంటుంది. ఆన్‌లో ఉన్నప్పుడు తన కోసం కొంత వోల్టేజీ మిగుల్చుకుంటుంది, దానికి హద్దు 8 వోల్టులు.

ఇప్పుడు పీఎల్‌సీ వైపు హద్దులు చూడాలి. ఐఈసీ 61131-2 ప్రమాణంలో టైప్ 1 ఇన్‌పుట్ 5 వోల్టుల లోపు ఉంటే ఖచ్చితంగా ఆఫ్, 15 వోల్టులు దాటితే ఖచ్చితంగా ఆన్. మధ్యలో ఉంటే ఎటైనా పోవచ్చు. 24లోంచి 8 పోతే 16, గట్టెక్కినట్టే. అయితే పొడుగు కేబుల్ చివర సప్లై 22కు పడిపోతే 14 మిగులుతుంది. పగలంతా పనిచేసి, పక్క మెషీన్ ఆన్ కాగానే మొరాయించే ఇన్‌పుట్లు ఇలాంటివే. రెండు వైర్ల సెన్సర్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి కలిపితే లెక్క ఇంకా ఘోరం: 24లోంచి 16 పోతే 8. రెండు సెన్సర్లూ వెలిగినా ఇన్‌పుట్ రాకపోవచ్చు. తక్కువ కరెంటుతో పనిచేసే ఈ రెండు వైర్ల రకాలను దృష్టిలో పెట్టుకునే టైప్ 3 ఇన్‌పుట్‌ను రూపొందించారు. అది 11 వోల్టుల నుంచే ఆన్‌గా ఒప్పుకుంటుంది, 1.5 మిల్లీయాంపుల కారుడును ఆఫ్‌గానే లెక్కిస్తుంది. కొనే ముందు పీఎల్‌సీ డేటాషీట్‌లో ఈ ఒక్క వరస చూసుకుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి. ఇప్పటికే కొనేసి ఇన్‌పుట్ ఆరనంటుంటే, దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్ పెట్టి కారే కరెంటుకు పక్కదారి చూపిస్తారు.

230 వోల్టుల ఏసీ ఇన్‌పుట్లలో పొడుగు కేబుల్ ఒక్కటే ఈ కారుడుకు సరిపోతుంది. కేబుల్‌లో పక్కపక్కన నడిచే వైర్లు తాకకుండానే ఒకదాన్నుంచి ఒకటి కాస్త ఏసీ కరెంటు అందిపుచ్చుకుంటాయి. డీసీతో ఆ బాధ లేదు.

పది మిల్లీసెకన్ల చూపు

వైరింగ్ అంతా సరిగ్గా ఉండి కూడా లెక్క తప్పే సందర్భం ఒకటుంది. మెషీన్ నెమ్మదిగా తిప్పితే ప్రతి ముక్కా లెక్కలోకి వస్తుంది, స్పీడు పెంచితే కొన్ని మాయమవుతాయి.

లిమిట్ స్విచ్ కాంటాక్టు మూసుకునేటప్పుడు ఒక్కసారిగా మూసుకోదు. కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుళ్లను వేర్వేరు నొక్కుళ్లుగా లెక్కపెట్టకుండా ప్రతి ఇన్‌పుట్‌కు ఒక ఫిల్టర్ ఉంటుంది. ఎఫ్ఎక్స్3యూలో మామూలుగా 10 మిల్లీసెకన్లు, ఎస్7-1200లో 6.4 మిల్లీసెకన్లు. అంతసేపు నిలకడగా ఉంటేనే నమ్ముతుంది. ఇప్పుడు సెకనుకు ఒక మీటరు వేగంతో నడిచే బెల్టు మీద 5 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక సెన్సర్ ముందు నుంచి పోయిందనుకోండి. అది ఎదురుగా ఉండేది దాదాపు 5 మిల్లీసెకన్లే. సెన్సర్ చూసింది, కరెంటు చుట్టు తిరిగింది, ఫిల్టర్ నమ్మలేదు.

ఫిల్టర్ తగ్గిస్తే రెండో అడ్డు ఎదురవుతుంది. పీఎల్‌సీ ఇన్‌పుట్లను నిరంతరం చూస్తూ కూర్చోదు. ఒకసారి అన్నిటినీ చదివి జ్ఞాపకంలో రాసుకుంటుంది, ఆ రాసుకున్నదాన్ని బట్టి ప్రోగ్రామ్ అంతా నడుపుతుంది, అవుట్‌పుట్లు మారుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. రెండు చదువుల మధ్య వచ్చి పోయినదాన్ని అది చూడనే చూడదు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే షాఫ్టుకు, చుట్టుకు 1,000 పల్సులిచ్చే ఎన్‌కోడర్ పెడితే సెకనుకు 25,000 పల్సులు. వాటిని మామూలు ఇన్‌పుట్‌కు ఇవ్వడం వృథా. ప్రోగ్రామ్‌తో పనిలేకుండా హార్డ్‌వేర్‌లోనే లెక్కపెట్టే హైస్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్లు ఇందుకోసం విడిగా ఉంటాయి. ఎఫ్ఎక్స్3యూలో ఇంత వేగాన్ని అందుకునేవి మొదటి ఆరు ఇన్‌పుట్లు. ప్యానెల్ గీసేటప్పుడే వాటిని ఖాళీగా ఉంచుకోవాలి. స్టార్ట్ బటన్, స్టాప్ బటన్, డోర్ స్విచ్ అని వరసగా సున్నా నుంచి పేర్చుకుంటూ పోతే, ఎన్‌కోడర్ వచ్చేసరికి మంచి సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి.

వైరు నడిచే దారి, వైరు కొన

కేబుల్ సంగతి క్లుప్తంగా. మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌లో వోల్టేజీ సెకనుకు వేలసార్లు నిటారుగా లేచి పడుతుంటుంది. సెన్సర్ కేబుల్‌ను దానితో కలిపి ఒకే ట్రేలో, అదీ ఒకే కట్టగా కట్టి తీసుకెళ్లకూడదు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఇక కొన దగ్గర: సన్నతీగల వైరును తొడుగు తీసి, వేళ్లతో మెలిపెట్టి, స్క్రూ కింద దూర్చేయడం మన చాలా ప్యానెళ్లలో కనబడుతుంది. కొన్ని పోగులు స్క్రూ కిందికి వెళ్లవు, ఒకటి పక్క టెర్మినల్ వైపు తొంగిచూస్తుంది, మిగతావి మెషీన్ అదురుకు నెల తర్వాత సడలుతాయి. పిన్ లగ్గు తొడిగి క్రింప్ చేయడానికి పట్టేది అర నిమిషం. లూజ్ కనెక్షన్ వెతకడానికి ఎంత పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

తెగిన వైరు ఏం చెబుతుంది

ఇన్‌పుట్ ఆఫ్‌లో ఉందంటే పీఎల్‌సీకి తెలిసేది ఒక్కటే, ఎల్ఈడీ వెలగడం లేదని. వస్తువు లేక వెలగడం లేదా, వైరు తెగి వెలగడం లేదా, సెన్సర్ చచ్చి వెలగడం లేదా? ఈ మూడూ దానికి ఒకే చీకటి.

స్టాప్ బటన్‌ను ఎన్‌సీ కాంటాక్టుతో, అంటే నొక్కనప్పుడు కలిసి ఉండి నొక్కితే విడిపోయేలా పెట్టడానికి ఇదే కారణం. బటన్ మామూలుగా ఉన్నంతసేపు కరెంటు తిరుగుతూ ఉంటుంది. నొక్కినా ఆగుతుంది, వైరు తెగినా ఆగుతుంది, ఎలుక కొరికినా ఆగుతుంది. అదే ఎన్ఓ కాంటాక్టుతో, అంటే నొక్కితేనే కలిసేలా పెట్టి ఉంటే, వైరు ఎప్పుడో తెగిపోయినా ఎవరికీ తెలియదు. చెయ్యి ఇరుక్కుని బటన్ గుద్దిన రోజున తెలుస్తుంది. అందుకే ప్రోగ్రామ్ రాసేవాళ్లకు స్టాప్ బటన్ మొదట్లో తలకిందులుగా కనబడుతుంది: నొక్కనప్పుడు 1, నొక్కితే 0. "ఉల్టా ఉంది" అని వైరింగ్‌ను మార్చేసేవాళ్లు ఉన్నారు. మార్చాల్సింది ప్రోగ్రామ్‌లో కాంటాక్టును, ప్యానెల్‌లో వైరును కాదు.

ఎన్‌సీ కూడా సగం రక్షణే. వైరు తెగితే పట్టుకుంటుంది, రెండు వైర్లు ఒకదానికొకటి అతుక్కుని షార్టయితే పట్టుకోలేదు. బటన్ నొక్కినా కరెంటు అతుకు గుండా తిరుగుతూనే ఉంటుంది. భద్రత కోసమే చేసిన కంట్రోలర్లలో ఒకే ఎమర్జెన్సీ బటన్‌కు రెండు కాంటాక్టులు, రెండు విడి చుట్లు ఇస్తారు. ఒక్కో చుట్టులో కరెంటును వేర్వేరు సమయాల్లో లిప్తపాటు ఆపి మళ్లీ ఇస్తుంటారు. ఒకదాని ఖాళీ రెండోదాంట్లో కనబడితే ఆ రెండూ ఎక్కడో కలిసిపోయినట్టు.

రసాయన కర్మాగారాల్లో ఇంకో మార్గం వాడతారు. మండే ద్రావకాలుండే చోట పెట్టే నామూర్ రకం సెన్సర్‌కు 8 వోల్టుల చిల్లర సప్లై ఇస్తారు. అది పూర్తిగా కలవదు, పూర్తిగా విడిపోదు. లోహం దూరంగా ఉంటే 2.1 మిల్లీయాంపులకు పైన, దగ్గరికొస్తే 1.2కు కింద కరెంటు లాగుతుంది. కరెంటు పూర్తిగా సున్నా అయిందంటే వైరు తెగినట్టు, 6 దాటిందంటే షార్టయినట్టు. అవే రెండు వైర్ల మీద నాలుగు రకాల జవాబులు. ఇందుకు ఆ సన్న తేడాలను చదివే ఐసోలేటర్ యూనిట్ సెన్సర్‌కూ పీఎల్‌సీకీ మధ్య ఉండాలి, దాని ఖర్చు సెన్సర్ ఖర్చుకు అదనం. బిస్కెట్ ప్యాకింగ్ మెషీన్‌కు అంత ఖర్చు ఎవరూ పెట్టరు, పెట్టాల్సిన పనీ లేదు. రియాక్టర్ మూత మూసుకుందో లేదో చెప్పాల్సిన సెన్సర్‌కైతే పెడతారు.